ఆరామము - బాగేఆం: నగరోద్యాన విచారము

తోటకు మన వాఙ్మయమున వాడబడిన పేర్లలో 'ఆరామము' మిక్కిలి ప్రాచీనము. అమరకోశము ఆరామమును, ఉపవనమును పర్యాయపదములుగా బేర్కొని, అది నరులు పెంచిన వనమని వివరించినది. ధనికులు తోటలను బౌద్ధసంఘమునకు దానము చేయుటచే ఈ పదము క్రమముగా భిక్షువుల నివాసమునకును జెల్లినది. గణపవరమునకు చేరువనున్న భీమవరమున సోమారామము, పాలకొల్లున క్షీరారామము కలవు. ఈ పేళ్లు విన్నవారికి నేడు గుడియే తోచునుగాని తోట తోపదు. తోటపేరు కట్టడమునకు సంక్రమించిన ఈ తీరును దృష్టియందుంచుకొని, హైదరాబాదు నాంపల్లియందలి పబ్లిక్ గార్డెన్సును పరిశీలింతము.

దీనికి 'బాగేఆం' అనియు పేరు. 'బాగ్' పారసీకపదము, తోట యని యర్థము. 'ఆమ్' అరబ్బీపదము, సర్వసామాన్యమని యర్థము. నిజాముల పాలనమున 19వ శతాబ్దియందు వెలసిన యీ తోట రాజవిహారమునకుగాక ప్రజలకు ఉద్దిష్టమైనదని పేరే చాటుచున్నది.

ఉద్యానరచనలో రెండు మార్గములను ఇచట స్మరింపవలెను. పారసీకుల చార్‌బాగ్ పద్ధతిలో కాలువలును బాటలును నేలను నాలుగు భాగములుగా విభజించును. ఢిల్లీయందలి హుమాయూన్ సమాధివలె నడుమ కట్టడమున్నచో చూపంతయు దానివైపే మరలును. న్యూయార్కు సెంట్రల్ పార్కు మార్గము వేఱు. 1858లో ఓమ్‌స్టెడ్, వాక్స్ అనువారి ప్రణాళిక ఎన్నిక కాబడినది. 843 ఎకరముల ఆ యుద్యానమున అడ్డముగా బోవు నాలుగు రహదారులను వారు నేలమట్టమునకు దిగువగా నడిపించిరి. బండ్లు పోవుచున్నను నడచువాని కంటికి పచ్చదనము తెగదు. అచట కట్టడము తోటకు లోబడినది.

బాగేఆం చరిత్ర యిందుకు భిన్నము. 1913 నాటికి పూర్తియైన పురమందిరము కాలక్రమమున శాసనసభాభవనమైనది. పురావస్తు ప్రదర్శనశాల, జూబిలీహాలు, షాహీ మసీదు ఆ యావరణముననే వెలసినవి. వేఱువేఱుగ జూచిన నిందులో నిరర్థకమైనది యొక్కటియు లేదు. పురమందిరము వాస్తుశోభచే ప్రసిద్ధము. ప్రదర్శనశాలలో శిల్పములతోబాటు ఈజిప్టు మమ్మీయు భద్రపఱుపబడినది. కాని ప్రతి కట్టడమును తన చుట్టును కొంత నేలను, గోడను, ద్వారమును గోరును. శాసనసభాప్రాంగణమున స్వేచ్ఛాసంచారమునకు తావులేదు. అంతమేరకు 'ఆమ్' అను పదమున కర్థము కుంచించుచున్నది.

కావున ఉద్యానచరిత్ర వ్రాయువారు భవనముల తేదీలతో తృప్తిపడరాదని మా యభిప్రాయము. బాటలు, కొలను, వృక్షములు, ప్రజలకు ప్రవేశముగల నేల - వీనిని పటములందు గుర్తించి, పూర్వాపరములను పోల్చవలెను. ఆరామముల విషయమున మనకు పేరు మాత్రమే దక్కినది. బాగేఆమున తోటయు నింకను నిలిచియున్నది గనుక ఈ పని యిప్పుడే చేయదగియున్నది.