వాషింగ్ మిషన్ బెల్ట్ అరిగినప్పుడు

వాషింగ్ మిషన్‌లో మోటారు ఒకచోట ఉంటుంది, బట్టలు తిరిగే టబ్ మరోచోట ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేది రబ్బరు బెల్ట్. మోటారుకున్న చిన్న పుల్లీ నుంచి టబ్ కింద గేర్‌బాక్స్‌కున్న పెద్ద పుల్లీకి అది తిరుగుడును అందిస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాలుగు పోళ్ల మోటారు నిమిషానికి 1500 చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. ఆ వేగం నేరుగా బట్టలకు తగిలితే అవి నిలవవు. చిన్న పుల్లీ కొన్ని చుట్లు తిరిగితేగానీ పెద్దది ఒక చుట్టు తిరగదు. అలా వేగం తగ్గిన మేరకు తిప్పే బలం పెరుగుతుంది.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో ఈ బెల్ట్ కొత్త వస్తువేమీ కాదు. పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల షెడ్లలో కంప్రెసర్లకు, బ్లోయర్లకు, పంపులకు తిరిగేవి దీని పెద్దన్నలే. ఫ్యాక్టరీలో ‘ఎ’ సెక్షన్ బెల్ట్ పైభాగం 13 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఇంటి మిషన్‌లోని ‘ఎం’ సెక్షన్ దానికన్నా సన్నం. పని చేసే తీరు మాత్రం ఒకటే. పూర్వం యంత్రాలకు బల్లపరుపు తోలు పట్టీలు వాడేవారు, అవి తరచూ జారేవి. అమెరికాలోని డెన్వర్‌లో జాన్ గేట్స్ 1917లో తెచ్చిన ‘వి’ ఆకారపు బెల్ట్ ఆ బాధను చాలావరకు తీర్చింది. ఈ బెల్ట్ పుల్లీ గాడిలోకి మేకులా దిగి రెండు పక్కల గోడలనూ ఒత్తి పట్టుకుంటుంది. పట్టంతా ఆ పక్క గోడలదే, అడుగుది కాదు. అందుకే పక్కలు అరిగి బెల్ట్ గాడి అడుగుకు ఆనిందంటే, బయటికి ఎంత గట్టిగా కనిపించినా దాని పని అయిపోయినట్టే.

అరిగిన బెల్ట్ ముందే చెబుతుంది. బట్టలు వేసిన కొత్తలో కీచుమని అరుస్తుంది, తర్వాత కాలిన రబ్బరు వాసన వస్తుంది. మిషన్ కింద నేల మీద నల్లటి పొడి రాలుతుంది. ఖాళీ టబ్ అడుగున చక్కగా తిరిగే పల్సేటర్ చక్రం తడి బట్టలు పడగానే ఆగిపోతుంది. బెల్ట్ బయటికి తీసి చూస్తే సంగతి ఇంకా తెలుస్తుంది. మంచి బెల్ట్ పక్కలు మసకగా, కాస్త గరుకుగా ఉంటాయి. జారి జారి వేడెక్కినదానివి అద్దంలా నున్నగా మెరుస్తాయి. దాన్ని వెనక్కి వంచితే లోపలి వైపు అడ్డంగా సన్నటి పగుళ్లు విచ్చుకుంటాయి, అంచుల నుంచి దారాలు లేస్తాయి.

అయితే మిషన్ తిరగని ప్రతిసారీ తప్పు బెల్ట్‌ది కాదు. ఇళ్లలో ఎక్కువగా వాడే సెమీ ఆటోమేటిక్ మిషన్లలో ఉతికే వైపు, పిండే వైపు రెండు వేర్వేరు మోటార్లు ఉంటాయి. పిండే మోటారుకు సాధారణంగా బెల్ట్ ఉండదు, డ్రయ్యర్ బుట్ట దాని ఇరుసు మీదే కూర్చుంటుంది. కాబట్టి డ్రయ్యర్ తిరుగుతూ ఉతికే వైపు మాత్రమే ఆగితే అప్పుడు బెల్ట్‌ను అనుమానించాలి. ఉతికే మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ పల్సేటర్ కదలకపోతే బెల్ట్ తెగిందో, జారుతోందో, లేక పల్సేటర్ లోపలి పళ్లు అరిగాయో చూడాలి. మోటారే తిరగక గుయ్యిమంటుంటే చాలాసార్లు లోపం కెపాసిటర్‌లో ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని కండెన్సర్ అంటారు. అలాంటప్పుడు కొత్త బెల్ట్ కొనడం డబ్బు దండగ.

బెల్ట్ ఎందుకు అరిగిందన్న ప్రశ్న దాన్ని మార్చడం కన్నా ముఖ్యమైనది. ఇస్నాపూర్, ముత్తంగి, అమీన్‌పూర్ వైపు షిఫ్టులకు వెళ్లే ఇళ్లలో వారం పాటు పోగుపడిన డ్యూటీ బట్టలన్నీ సెలవు రోజున ఒక్కసారే టబ్‌లో పడతాయి. మందపాటి ప్యాంట్లు నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, ఆ బరువంతా బెల్ట్ లాగాలి. బాల్కనీలో, మెట్ల కింద పెట్టిన మిషన్ల అడుగున ఎలుకలు చేరి బెల్ట్‌ను కొరికేయడం కూడా మామూలే. వీటన్నిటికన్నా దొంగచాటుగా దెబ్బతీసేది, పల్సేటర్ ఇరుసు చుట్టూ నీళ్లు కిందికి కారకుండా ఆపే ఆయిల్ సీల్ లీకు.

దీనికి ఈ ప్రాంతపు నీళ్లతో సంబంధం ఉంది. 1970ల నుంచి పరిశ్రమలు పెరిగిన పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల నక్కవాగు, చెరువులు, భూగర్భ జలాలు పాడైన వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. ఆ బాధ బట్టలుతికే మిషన్ కన్నా ఎంతో పెద్దది, ఇక్కడి ఊళ్లు దాన్ని ఏళ్ల తరబడి మోశాయి. మిషన్ వరకు చూస్తే లెక్కలోకి వచ్చేది బోరు నీళ్లలోని లవణాలే. మంజీర నది నీళ్లు వాడే ఇంటితో పోలిస్తే ఉప్పు బోరు నీళ్లు వాడే ఇంట్లో పల్సేటర్ ఇరుసు చుట్టూ తెల్లటి పొర తొందరగా పేరుకుంటుంది. ఆ గరుకు పొర సీల్ పెదవిని తినేస్తుంది. అక్కడి నుంచి నీటి చుక్కలు గేర్‌బాక్స్ మీదుగా పుల్లీ మీద పడతాయి. తడిసిన బెల్ట్ జారుతుంది, జారినది వేడెక్కి గట్టిపడుతుంది. మిషన్‌ను వెనక్కి పడుకోబెట్టినప్పుడు గేర్‌బాక్స్ చుట్టూ తెల్లటి చారలు, తుప్పు గీతలు కనిపిస్తే సీల్ పోయినట్టు. తడి నూనె జిడ్డు కనిపిస్తే గేర్‌బాక్స్ నూనె కారుతున్నట్టు. ఈ రెంటిలో ఏదున్నా ముందు దాన్ని సరిచేయించాలి. లేదంటే కొత్త బెల్ట్‌కూ అదే గతి.

బెల్ట్ కొనడానికి పాతదాన్నే దుకాణానికి పట్టుకెళ్లడం అన్నిటికన్నా నయం. వీపు మీద ఎం-19, ఎం-20, ఎం-21 అని అచ్చు వేసి ఉంటుంది. అక్షరం సెక్షన్‌ను, అంకె పొడవును అంగుళాల్లో చెబుతాయి. నంబరు చెరిగిపోతే మిషన్ మోడల్ పేరు చెప్పి అడగాలి. తెగిన బెల్ట్‌ను కొలిచి అదే పొడవు తీసుకోవడం పొరపాటు, ఎందుకంటే అది అప్పటికే సాగి ఉంటుంది. ఊళ్లోని స్పేర్ పార్టుల దుకాణంలోనో బేరింగుల దుకాణంలోనో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుంది.

మార్చే పనికి స్టార్ స్క్రూడ్రైవర్, రెండు పానాలు, ఒక పాత బొంత చాలు. వారంటీ ఉన్న మిషన్‌ను మాత్రం ఇంట్లో విప్పకూడదు. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకి పక్కన పెట్టాలి. నీళ్లన్నీ వదిలేశాక వెనుక రేకు విప్పాలి లేదా మిషన్‌ను బొంత మీద పడుకోబెట్టాలి. కెపాసిటర్ తీగల కొసలను ముట్టుకోకూడదు, ప్లగ్ తీశాక కూడా అందులో కరెంటు నిలిచి ఉండొచ్చు. మోటారును పట్టి ఉంచే బోల్టులు పొడవాటి రంధ్రాల్లో ఉంటాయి. వాటిని పూర్తిగా తీయకుండా వదులు చేసి మోటారును గేర్‌బాక్స్ వైపు జరిపితే పాత బెల్ట్ దానంతటదే జారి వస్తుంది. రెండు పుల్లీల గాడులనూ పొడి గుడ్డతో తుడవాలి. పుల్లీని చేత్తో ఊపి చూసి, వదులుగా కొట్టుకుంటుంటే దాని స్క్రూ బిగించాలి.

కొత్త బెల్ట్‌ను ముందు చిన్న పుల్లీకి, తర్వాత పెద్దదానికి తొడిగి చేత్తో ఒక చుట్టు తిప్పాలి. స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తే లోపలి దారాలు తెగుతాయి. తర్వాత మోటారును వెనక్కి లాగి బోల్టులు బిగించాలి. బిగువు చూసేందుకు రెండు పుల్లీల నడుమ బెల్ట్‌ను వేలితో నొక్కాలి. సుమారు ఒక సెంటీమీటరు దిగితే సరిపోయినట్టు. మరీ బిగిస్తే బేరింగులు దెబ్బతింటాయి, వదిలేస్తే జారుతుంది. పక్క నుంచి చూసినప్పుడు రెండు పుల్లీలూ ఒకే వరుసలో ఉండాలి, లేకుంటే బెల్ట్ ఒక పక్కే అరుగుతుంది. అరుపు ఆగాలని నూనె, గ్రీజు పూయడం దాని ప్రాణం తీయడమే.

ముందు తలుపుండే ఫ్రంట్ లోడ్ మిషన్లలో బెల్ట్ వేరు. లోపలి వైపు పొడవునా సన్నటి గట్లుంటాయి. 1270 జె5 అంటే 1270 మిల్లీమీటర్ల పొడవు, అయిదు గట్లు అని. చాలా మిషన్లలో మోటారు జరపడానికి వీలుండదు, బెల్టే కాస్త సాగుతుంది. మోటారు పుల్లీ మీద సరిగ్గా కూర్చోబెట్టి, పెద్ద చక్రం అంచుకు పట్టించి నెమ్మదిగా తిప్పితే ఎక్కుతుంది. ఒక్క గాడి పక్కకు జరిగినా అంచు చీలిపోతుంది. డైరెక్ట్ డ్రైవ్ అని రాసి ఉన్న మిషన్లలో మోటారు డ్రమ్ము వెనకే ఉంటుంది కాబట్టి వాటికి బెల్టే లేదు.

రేకు బిగించాక ముందు ఖాళీగా, తర్వాత నీళ్లతో, ఆ తర్వాత నాలుగు బట్టలతో తిప్పి చూడాలి. కొత్త బెల్ట్ మొదటి ఉతుకుల్లో కాస్త సాగుతుంది. కొన్నాళ్లకు ఒకసారి ప్లగ్ తీసి, వెనుక రేకు విప్పి, వేలితో నొక్కి చూసి, అవసరమైతే మోటారును కొద్దిగా వెనక్కి జరిపి బిగించాలి.