ఎండలో కారవాన్ ఫ్రిజ్ ఎందుకు మొరాయిస్తుంది? బందరు రోడ్డెక్కే ముందు ఇవి తెలుసుకోండి

ఫ్రిజ్‌లో లైట్ వెలుగుతోంది. కంప్రెసర్ సౌండ్ కూడా వస్తోంది. కానీ పొద్దున పెట్టిన పాలు మధ్యాహ్నానికే విరిగిపోయాయి. వాటర్ బాటిల్ ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. బండిలో ఫ్రిజ్ పెట్టుకున్నవాళ్లకు మే నెలలో ఎదురయ్యే ఇబ్బంది ఇదే. వెంటనే చాలామంది అనుకునే మాట.. 'గ్యాస్ అయిపోయినట్టుంది, మెకానిక్‌ని పిలవాలి'. నిజానికి చాలాసార్లు గ్యాస్ అయిపోదు. ఫ్రిజ్ కూడా పాడవదు. మరి ఏం జరుగుతుంది?

2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కారవాన్ టూరిజం కోసం ప్రత్యేక పాలసీ తెచ్చింది. బెడ్, కిచెన్, ఫ్రిజ్ అన్నీ ఉన్న బండిలో ఫ్యామిలీతో టూర్ వేయాలన్న ఆసక్తి మనవాళ్లలోనూ ఉంది. విజయవాడలో బయల్దేరి కంకిపాడు, ఉయ్యూరు మీదుగా మచిలీపట్నం, అక్కడి నుంచి మంగినపూడి బీచ్.. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కృష్ణా డెల్టాలో వేసవి మధ్యాహ్నం టెంపరేచర్ 40 దాటడం మామూలే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దలు. ఆ ఎండలో బండి ఫ్రిజ్ పనిచేయాలంటే ముందు అదెలా పనిచేస్తుందో తెలియాలి. ఫుడ్ ట్రక్, జ్యూస్ బండి, ఐస్‌క్రీమ్ వ్యాన్ నడిపేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదు

ఇది అర్థమైతే సగం సమస్య అర్థమైనట్టే. ఫ్రిజ్ చేసే పని ఒక్కటే. లోపలున్న వేడిని తోడి బయట పారబోయడం. బావిలోంచి నీళ్లు తోడినట్టే అనుకోండి. బావి ఎంత లోతుంటే అంత కష్టం. ఇక్కడ లోతు అంటే లోపలి చల్లదనానికి, బయటి వేడికి మధ్య ఉన్న తేడా.

లోపల 4 డిగ్రీలు ఉండాలి, బయట 30 డిగ్రీలు ఉంది అనుకుందాం. తేడా 26 డిగ్రీలు. అదే బయట 45 ఉంటే తేడా 41. అంటే దాదాపు 1.6 రెట్లు. తేడా పెరిగినకొద్దీ గోడల్లోంచి లోపలికి దూరే వేడి కూడా అంతే పెరుగుతుంది. పైగా ప్రతి యూనిట్ వేడిని తోడటానికి పట్టే కరెంటు కూడా పెరుగుతుంది. ఈ రెండూ కలిస్తే కాగితం మీద లెక్క ప్రకారమే కరెంటు వాడకం రెండున్నర రెట్లవుతుంది.

తోడిన వేడి ఫ్రిజ్ వెనకో, పక్కనో ఉన్న కాయిల్ నుంచి గాలిలోకి పోవాలి. ఆ గాలే కాలిపోతుంటే వేడి ఎక్కడికి పోతుంది? ఫ్రిజ్ లోపల చల్లదనం.. దాని వెనకున్న గాలి చేతిలో ఉందన్నమాట.

వెనక స్టిక్కర్ చూశారా?

ప్రతి ఫ్రిజ్‌ను ఫలానా ఎండ వరకు పనిచేసేలా డిజైన్ చేస్తారు. దాన్ని క్లైమేట్ క్లాస్ అంటారు. ఫ్రిజ్ లోపలో, వెనకో ఉండే రేటింగ్ స్టిక్కర్ మీద ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది.

* ఎన్ అని ఉంటే.. 16 నుంచి 32 డిగ్రీల వరకు
* ఎస్‌టీ అని ఉంటే.. 16 నుంచి 38 డిగ్రీల వరకు
* టీ అని ఉంటే.. 16 నుంచి 43 డిగ్రీల వరకు

మన ఎండలకు టీ క్లాస్ తప్ప వేరేది దండగే. అయితే ఇక్కడే అసలు మెలిక ఉంది. ఆ 43 డిగ్రీలు వాతావరణ శాఖ చెప్పే టెంపరేచర్ కాదు. ఫ్రిజ్ చుట్టూ ఉన్న గాలి టెంపరేచర్. అద్దాలు మూసి ఎండలో ఆపిన కారులో గంట తిరిగేసరికి బయటికంటే 20 డిగ్రీలు ఎక్కువైపోతుంది. మూసిన వ్యాన్ పరిస్థితీ దాదాపు అంతే. బయట 41 ఉన్నా.. బండి లోపల, ఫ్రిజ్ వెనక సందులో 55 ఉండొచ్చు. అప్పుడు టీ క్లాస్ కూడా చేతులెత్తేస్తుంది. ఫ్రిజ్ మంచిదే, అది నిలబడిన చోటే మంచిది కాదు.

బండి ఫ్రిజ్‌లు మూడు రకాలు

1. గ్యాస్ ఫ్రిజ్: విదేశీ కారవాన్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. గ్యాస్ మంట, బ్యాటరీ, కరెంటు.. మూడింటిలో దేనితోనైనా నడుస్తుంది. లోపల తిరిగే భాగాలు ఉండవు. అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ కలిసి పనిచేస్తాయి. 1922లో స్వీడన్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ స్టూడెంట్లు బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటెర్స్ దీన్ని కనిపెట్టారు. సౌండ్ రాదు. కానీ చల్లటి దేశంలో పుట్టిన ఈ ఫ్రిజ్‌కు మన ఎండ పడదు. బయట 40 దాటితే లోపల 5 డిగ్రీలకు దించడం దీనికి కష్టం. పైగా బండి లెవెల్‌గా నిలబడాలి. లోపలి ద్రవాలు వాటి బరువుకే కిందికి జారుతూ తిరుగుతాయి కాబట్టి, కాలవ గట్టు వాలులో ఆపితే కూలింగ్ ఆగిపోతుంది. ముఖ్యమైన జాగ్రత్త.. బండి నడిచేటప్పుడు, పెట్రోల్ బంకులో ఉన్నప్పుడు గ్యాస్ మంట కచ్చితంగా ఆపేయాలి.

2. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్: ఇంట్లో ఫ్రిజ్ లాంటిదే, కాకపోతే నేరుగా బ్యాటరీతో నడుస్తుంది. బండి కొంచెం వాలినా, కుదుపులొచ్చినా తట్టుకుంటుంది. మన వాతావరణానికి మూడింటిలో ఇదే బెటర్.

3. కార్ కూలర్ బాక్స్: సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టుకునే చిన్న బాక్స్. చూడ్డానికి ఫ్రిజ్‌లాగే ఉంటుంది కానీ కంప్రెసర్ ఉండదు. బయటి టెంపరేచర్ కంటే సుమారు 20 డిగ్రీలే తగ్గించగలదు. బయట 42 ఉంటే లోపల 22. అంటే ఏసీ రూమ్‌లో బల్ల మీద పాలు పెట్టినట్టే. కూల్‌డ్రింక్‌కు ఓకే. చికెన్‌కు, పసిపిల్లల పాలకు మాత్రం నమ్ముకోవద్దు.

ఇక ఇంట్లో వాడే ఫ్రిజ్‌నే ఇన్వర్టర్ పెట్టి బండిలో బిగించేవాళ్లూ ఉంటారు. పనిచేస్తుంది. కానీ కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుగా తీసుకునే కరెంటుకు కొన్ని రెట్లు లాగుతుంది. చిన్న ఇన్వర్టర్ అక్కడే ట్రిప్ అయిపోతుంది.

బ్యాటరీ లెక్క ఇదీ

100 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీ అంటే 1200 వాట్ అవర్లు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించితే త్వరగా పాడవుతుంది. కాబట్టి చేతిలో ఉన్నది 600. ఫ్రిజ్ 45 వాట్లు తీసుకుంటుందనుకుందాం. చల్లటి రోజుల్లో అది సగం టైమే తిరుగుతుంది. 26 గంటల పైనే వస్తుంది. మే నెలలో ఆగకుండా తిరిగితే? 13 గంటలకే ఖాళీ. రాత్రి నిద్రపోయి లేచేసరికి ఫ్రిజ్ ఆగిపోయి ఉండటానికి కారణం ఇదే.

ఇంకో విషయం. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కు సన్నటి వైరు పొడవుగా లాగితే దారిలోనే వోల్టేజ్ పడిపోతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నా ఫ్రిజ్ కట్ అవుతుంది. వైరు లావుగా ఉండాలి, పొట్టిగా ఉండాలి.

డెల్టాలో ఉక్కపోత కూడా తోడైతే..

రాయలసీమ ఎండ వేరు, మన ఎండ వేరు. ఇక్కడ సముద్రం దగ్గర. చుట్టూ కాలవలు, పొలాలు, చేపల చెరువులు. గాలిలో తేమ ఎక్కువ. డోర్ తీసిన ప్రతిసారీ ఆ తేమ గాలి లోపలికి దూరుతుంది. చల్లటి గోడకు తగిలి నీరవుతుంది. ఆ నీరయ్యేటప్పుడు వదిలే వేడి తక్కువేం కాదు. 50 గ్రాముల తేమ నీరైతే, లీటరు నీళ్లను 35 నుంచి 5 డిగ్రీలకు చల్లబరిచినంత పని ఫ్రిజ్‌కు పడుతుంది. 'ఏముందో చూద్దాం' అని పిల్లలు పది నిమిషాలకోసారి డోర్ తీస్తుంటే ఫ్రిజ్ కోలుకోనే కోలుకోదు.

పాలు విరగడంతో పోదు

వేడెక్కిన కూల్‌డ్రింక్ తాగితే పోయేదేం లేదు. కానీ చికెన్, చేపలు, గుడ్లు, పాలు, మిగిలిన బిర్యానీ అలా కాదు. ఇవి 5 డిగ్రీల లోపు ఉండాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా పెరుగుతుంది. దానికి నచ్చిన వేడి దొరికితే 20 నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది. నాలుగు గంటల్లో ఒక్కటి నాలుగు వేలు దాటుతుంది.

వాసన రాలేదు కదా, తినేద్దాం అనుకోవద్దు. కడుపు పాడుచేసే బ్యాక్టీరియా అన్నీ వాసన రావు. కొన్ని వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. బయట 32 డిగ్రీలు దాటిన రోజు వండిన ఆహారం ఫ్రిజ్ బయట గంటకు మించి ఉంటే పారేయడమే మంచిది.

షుగర్ పేషెంట్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాడని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడెక్కితే పవర్ తగ్గుతుంది. గడ్డకట్టినా పనికిరాదు. చూడ్డానికి మాత్రం చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది. బండి ఫ్రిజ్‌లో ఐస్ పట్టే ప్లేటుకు ఆనించి అస్సలు పెట్టొద్దు.

చేపల లారీ చెప్పే పాఠం

కైకలూరు వైపు నుంచి చేపల లారీలు కోల్‌కతా, అస్సాం దాకా వెళ్తుంటాయి. వాటిలో ఎక్కువ వాటికి ఫ్రిజ్ మెషీనే ఉండదు. బాక్సుల్లో చేపలు, మధ్యలో కొట్టిన ఐస్. అంతే. రోజుల తరబడి ప్రయాణం.

ఎలా సాధ్యం? కిలో ఐస్ కరగాలంటే సుమారు 93 వాట్ అవర్ల వేడి పీల్చుకోవాలి. 10 కిలోల ఐస్ అంటే 930. పైన చెప్పుకున్న బ్యాటరీలో మనం వాడుకోగల కరెంటు మొత్తం ఖర్చు చేసి, ఎండలో చిన్న ఫ్రిజ్ తోడే వేడి కూడా దాదాపు ఇంతే ఉంటుంది. ఐస్‌కు వైరు అక్కర్లేదు. వెనక గాలి అక్కర్లేదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాలు పెట్టే ఫ్రిజ్‌ది కూడా ఇదే కిటుకు. దాని గోడల్లో నీళ్లు గడ్డకట్టి ఉంటాయి. రోజుకు 8 గంటలు కరెంటు ఉంటే చాలు, మిగతా టైమంతా ఆ ఐసే కాపాడుతుంది. కరెంటు ఉన్నప్పుడే చల్లదనం దాచిపెట్టుకోవడం అన్నమాట. మన బండికీ ఇదే సూత్రం.

బయల్దేరే ముందు ఇవి చేసేయండి

* ముందు రోజు రాత్రే ఇంటి కరెంటుకు పెట్టి బండి ఫ్రిజ్ ఆన్ చేయండి. ఖాళీ ఫ్రిజ్ చల్లబడిన తర్వాతే సామాను సర్దండి.
* పెట్టే ప్రతి వస్తువునూ ఇంటి ఫ్రిజ్‌లో ముందే చల్లబరచండి. 10 లీటర్ల వేడి నీళ్ల బాటిళ్లు పెడితే, వాటిని చల్లబరచడానికే చిన్న ఫ్రిజ్‌కు ఐదారు గంటలు పట్టొచ్చు.
* రెండు మూడు బాటిళ్లలో నీళ్లు గడ్డకట్టించి లోపల పెట్టండి. కరిగాక తాగేయొచ్చు.
* ఫ్రిజ్ వెనక కింద ఒక కంత, పైన ఒక కంత ఉండాలి. కింద నుంచి గాలి వచ్చి, పై నుంచి వేడి పోవాలి. చిన్న ఫ్యాన్ బిగిస్తే ఇంకా మంచిది. ఆ సందులో బట్టలు, కవర్లు కుక్కొద్దు.
* ఆపేటప్పుడు నీడ చూసుకోండి. నీడ దొరక్కపోతే ఫ్రిజ్ ఉన్న వైపు గోడకు మధ్యాహ్నం ఎండ తగలకుండా నిలపండి. కిటికీలు కొంచెం తెరిచి ఉంచండి.
* డోర్ రబ్బర్‌లో కాగితం పెట్టి మూసి లాగండి. ఈజీగా వచ్చేస్తే రబ్బర్ మార్చాల్సిందే.
* తాగే నీళ్లకు వేరే ఐస్ బాక్స్ పెట్టుకోండి. ఫ్రిజ్ డోర్ ఎక్కువసార్లు తీసేది నీళ్ల కోసమే.
* లోపల ఐస్ మందంగా పేరుకుంటే తీసేయండి. అది చల్లదనాన్ని అడ్డుకుంటుంది.

ఎండకు కూలింగ్ తగ్గిందని నాబ్‌ను చివరిదాకా తిప్పేస్తుంటారు కొందరు. నాబ్ చెప్పేది ఎప్పుడు ఆగాలో మాత్రమే. అప్పటికే ఆగకుండా తిరుగుతున్న కంప్రెసర్‌కు దాంతో కొత్త బలం ఏమీ రాదు.

కారవాన్ అద్దెకు తీసుకుంటుంటే ఓనర్‌ను మూడు ప్రశ్నలు అడగండి. ఫ్రిజ్ ఏ రకం? క్లైమేట్ క్లాస్ ఏంటి? ఇంజిన్ ఆపాక ఎన్ని గంటలు నడుస్తుంది? సమాధానం సరిగ్గా రాకపోతే చికెన్, చేపలు తీసుకెళ్లే ప్లాన్ మానుకుని, కంకిపాడులోనో, ఉయ్యూరులోనో ఆగి వేడివేడిగా తినేయడం మేలు.

చివరిగా ఒక్క మాట. లైట్ వెలిగిందా, సౌండ్ వస్తోందా అన్నది చూడొద్దు. చిన్న ఫ్రిజ్ థర్మామీటర్ కొని లోపల మధ్య అరలో పెట్టండి. మధ్యాహ్నం మూడింటికి అది 5 లోపు చూపిస్తే మీ ఫ్రిజ్ పాసైనట్టే. 8 దాటిందా.. మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు ఫ్రిజ్ వెనక చేయి పెట్టి చూడండి. అక్కడి గాలి కాలిపోతుంటే మొదట చేయాల్సింది ఆ వేడికి బయటికి దారి ఇవ్వడమే.