అమ్మకమునకు కర్త యెవరు?

గుంతకల్లు నుండి రేణిగుంటకు సాగు రైలుమార్గమున తాడిపత్రి దాటిన పిమ్మట వచ్చు కొండాపురము, చిత్రావతి పెన్నలో కలియు గండికోట సీమకు చేరువనున్న చిన్న ఊరు. గండికోట జలాశయము నిండుకొలది ఆ మండలమున పలు గ్రామములు నీట మునుగగా, తాతలనాటి చేలు విడిచిన కుటుంబములు పునరావాస కాలనీలలో కుదురుకొని, భూమి యాధారము తప్పిన బ్రదుకునకు వేరు తెరువు వెదకుకొనవలసి వచ్చినది. ఈ సీమ కంతటికిని అంగడి ప్రొద్దుటూరు. బంగారము, బట్టలు అను రెండు వర్తకముల పెంపుచేత జనులు దానిని రెండవ బొంబాయి యని పిలుచుకొనుట పాఠకులెరిగినదే. జమ్మలమడుగు, మైలవరము పరిసరములలో మగ్గములు నేటికిని ఆడుచున్నవి. దొమ్మర నంద్యాలలో పట్టుచీరలు నేయుచున్నారు. అచ్చట పుట్టిన చీర హైదరాబాదులోని గృహిణి చేతికో, డాలస్‌లోని తెలుగింటికో చేరవలెనన్న నడుమ నెవరో యొకరు పూనుకొనవలెను. ఆ నడిమి మనిషి నేడు వీడియో తీసి, దాని క్రింద ఒక లింకు పెట్టి, ఆ లింకు ద్వారా జరిగిన ప్రతి అమ్మకము మీదను కమీషన్ పుచ్చుకొనుచున్నాడు. వీడియోలో కనబడు వ్యక్తిని ఇన్‌ఫ్లూయెన్సర్ అనియు, లింకు కమీషన్ ఏర్పాటును అఫిలియేట్ పద్ధతి యనియు వర్తకులు వ్యవహరింతురు. ఈ పద్ధతి వలన అమ్మకములు నిజముగా పెరుగునా, లేక పెరిగినట్లు లెక్కలో మాత్రము కనబడునా?

కమీషన్ మనకు క్రొత్త కాదు. పట్టుచీరల ఊళ్ళలో కొనువారిని వెంటబెట్టుకొని వచ్చిన ఆటోడ్రైవరుకు దుకాణదారు చాటుగా ముట్టజెప్పు సొమ్మును, చీరల మూట భుజాన వేసికొని వీథివీథి తిరిగి వాయిదాల మీద అమ్ము నామెకు షావుకారు విడిచిపెట్టు వాటాను ఎరుగని వారెవరు? అయితే ఏ బేరము నెవరు తెచ్చిరో షావుకారు గల్లాపెట్టె దగ్గర కూర్చుండి తన కన్నులతో చూచెడివాడు. తెలిసిన ఖాతాదారు వెంట ఊరక నడచివచ్చి చేయి చాపిన వానిని నవ్వి పంపివేయుటయు నెరిగినవాడు. ఇప్పుడా కన్నుల స్థానమున ఒక యంత్రపు లెక్క వచ్చినది. చిక్కంతయు ఆ లెక్కలోనే యున్నది.

ఆ లెక్క నడచు తీరిది. పులివెందులలో నొక అమ్మాయి చీరల వీడియోలు చేయుచున్న దనుకొందము. ఆన్‌లైన్ అంగడి వారు ఆమెకొక గుర్తు నిత్తురు. ఆమె యే చీరను చూపినను ఆ చీర పేజీ చిరునామా తుదను ఆ గుర్తు అతుకబడి, అది యామె లింకగును. చూచువారు దానిని తాకినంతనే, ఎవరి గుర్తు, ఏ వేళ, ఏ వస్తువు అను సంగతులు ఒక సర్వరులో నమోదై, కుకీ యను చిన్న అక్షరఖండ మొకటి వారి బ్రౌజరులో భద్రమగును. తిరిగి వచ్చిన మనిషిని గుర్తుపట్టు శక్తి వెబ్‌సైట్లకు లేకుండుటచే 1994లో నెట్‌స్కేప్ సంస్థ ఇంజనీరు లూ మోంటుల్లి కల్పించిన ఉపాయమది. వర్తకులు దానిని తమ లెక్కలకు ఎరువు తెచ్చుకొనిరి. కుకీకి ఆయువు కలదు: అమెజాన్ వారి లెక్కలో అది సామాన్యముగా ఒక దినము. ఆ గడువులో కొన్నచో అమ్మాయి ఖాతాలో కమీషన్ చేరును, అదియు వెంటనే కాదు; చీర త్రిప్పి పంపు గడువు ముగిసిన తరువాతనే. ఆ మరునాడు కొన్నచో ఆమె శ్రమ అంగడికి ఉచితము.

1994లోనే సీడీనౌ అను సంగీతపు దుకాణము ఇట్టి పద్ధతిని ప్రారంభింపగా, 1996 జూలైలో అమెజాన్ దానిని అసోసియేట్స్ పేర లోకవ్యాప్తము చేసినది. మన దేశమున 2024 అక్టోబరులో యూట్యూబ్, ఫ్లిప్‌కార్ట్, మింత్రాలతో కూడి వీడియోలోనే వస్తువును తగిలించు సదుపాయము తెచ్చినది.

ఇక చిక్కు. కొనునామె చీరను మొదట పులివెందుల అమ్మాయి వీడియోలో చూచును, అక్కతో ఆలోచించును, కొన్ని గంటలు ఊరకుండును, తుదకు కొనబోవుచు, ఏదైన తగ్గింపు దొరకునేమో యని కూపన్ల సైటు నొకదానిని తెరచి, అందలి లింకును తాకి డబ్బు చెల్లించును. కడపటి స్పర్శ యెవరిదో వారిదే అమ్మకమని లెక్క వ్రాయుట ఈ వర్తకమున బహుళాచారము గనుక, కమీషన్ మొత్తము కూపన్ల సైటునకు పోవును. మగ్గము నుండి చీరను కోసి దింపినవానికే నేతకూలి యంతయు ఇచ్చినట్లున్న దీ న్యాయము. దీనిని కనిపెట్టిన మాయగాండ్రు ఊరకుందురా? చూచువారు ఏ లింకును తాకకపోయినను వారి కంప్యూటరులో తమ కుకీని చాటుగా చొప్పించి, తరువాత వారంతట వారు ఈబే యను ఆన్‌లైన్ అంగడిలో కొన్న వస్తువులకెల్ల కమీషన్ రాబట్టిన యొకనికి 2014లో అమెరికా న్యాయస్థానము 5 మాసముల చెరసాల విధించినది. ఆ ఈబే పుస్తకములలో అతడు మిక్కిలి సమర్థులైన భాగస్వాములలో నొకడుగా కనబడియుండెను! లెక్క తప్పు కాదు. లెక్క అడిగిన ప్రశ్నయే తప్పు. అమ్మకమునకు ముందు ఎవరుండిరని యడుగుట వేరు, వారు లేకున్న అమ్మకము జరిగియుండెడిదా యని యడుగుట వేరు.

ఈ రెండవ ప్రశ్నకు శాస్త్రము చూపిన మార్గము ఒక్కటే: కొందరికి ప్రకటన చూపి, కొందరికి చూపక, ఇరువురి నడుమ భేదమును కొలుచుట. ఈబే పరిశోధకులు టామ్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టాడెలిస్ ఇది చేసిరి. వెదకుడు యంత్రములలో ఎవరైన ‘ఈబే’ యని వ్రాయగా పైన కనబడు ప్రకటనకు ఆ సంస్థ సొమ్ము చెల్లించుచుండెను. దానిని కొన్ని చోట్ల నిలిపి చూడగా, పోయిన రాకపోకలలో 99.5 శాతము ప్రకటన లేకయే, క్రింద నున్న ఉచితపు లింకు ద్వారా తిరిగి వచ్చినది. అనగా ఇంటికి వచ్చుచున్న చుట్టమునకే దారి చూపుటకు కూలి యిచ్చుచుండిరన్నమాట. పిమ్మట ఇతర ప్రకటనలను కూడ అమెరికాలోని కొన్ని ప్రాంతములలో యాదృచ్ఛికముగా ఎన్నుకొని ఆపిరి. మొత్తము అమ్మకములలో చెప్పదగిన భేదము కానరాలేదు. అయితే 2015లో ఎకనొమెట్రికా పత్రికలో వెలువడిన ఆ పరిశోధనలో మన నేతవారికి పనికివచ్చు విశేషము మరొకటి కలదు: ఈబే నెరుగనివారి మీదను, అరుదుగా కొనువారి మీదను మాత్రము ప్రకటన పనిచేసినది. వెదకుడు ప్రకటనకు వర్తించిన ఈ ప్రశ్న లింకునకును వర్తించునని నా అభిప్రాయము. పేరు మోసిన దుకాణమునకు లింకు అలంకారమే. దొమ్మర నంద్యాల పేరే వినని కొనుగోలుదారు ముందు మాత్రము అది పరిచయము, పరిచయమునకు వెల కలదు.

ఎంత వెల? ఒక ఊహాలెక్క వేయుదము. చీర ధర రూ. 3,000. నూలు, రంగు, కూలి కలిసి రూ. 2,100, అంగడి రుసుమును పార్సిలు ఖర్చును రూ. 400, మిగులు రూ. 500. లింకు పెట్టిన వారికి నూటికి పది చొప్పున రూ. 300 ఇచ్చిన తరువాత రూ. 200 మిగులుచున్నది గదా యని నేతవాడు సంతోషించును. నెలకు లింకుల ద్వారా 100 చీరలు పోయినవనుడు, కమీషన్ రూ. 30,000. వానిలో 60 చీరలు లింకు లేకున్నను పాత ఖాతాదారులు కొనియుండెడివే యైనచో, లింకు తెచ్చిన క్రొత్త చీరలు 40, వాని మిగులు రూ. 20,000, చెల్లించినది రూ. 30,000. చీర చీరకు లాభము కనబడుచు, నెల తిరుగునప్పటికి పది వేలు నష్టము! అదే, ఊరకే వచ్చు బేరములు 20 మాత్రమే యైనచో 80 చీరల మిగులు రూ. 40,000, లాభము పదివేలు. త్రిప్పి పంపిన చీరల రానుపోను ఖర్చు ఇందులో చేర్చలేదు. ఫోను తెరపై మావిచిగురు రంగుగా కనబడి, ఇంటికి వచ్చి విప్పగా ఇటుకరాయి రంగైన చీరకు ఆ ఖర్చు తప్పదు.

మరి ఎవరి చేత చెప్పించవలెను? లక్షలమంది చూచు సినిమా తార చేతనా, పొరుగింటి అమ్మాయి చేతనా? అమెరికాలో 1940 ఎన్నికలను పరిశీలించిన లాజర్స్‌ఫెల్డ్ బృందము, పత్రికలు రేడియోలు చెప్పు మాట జనులకు నేరుగా తాకుటకంటె, తమలో నుండియే మన్నన గల కొందరి ద్వారా చేరుచున్నదని గ్రహించెను. ఇల్లినాయి రాష్ట్రపు డెకేటర్ పట్టణములోని స్త్రీలను ప్రశ్నించిన పరిశోధనను ఆధారముగా గొని, 1955లో కాట్జ్, లాజర్స్‌ఫెల్డ్‌లు సరకుల కొనుగోలు, దుస్తుల ఫ్యాషన్ మొదలగు విషయములలో సైతము అట్లేయని వ్రాసిరి. మరుసటి యేడు హార్టన్, వోల్ అను ఇరువురు, టెలివిజన్‌లో నిత్యము కనబడు మనిషితో ప్రేక్షకుడు ఏకపక్షమైన చుట్టరికము కల్పించుకొనునని వర్ణించిరి. నేడు వీడియో అమ్మాయి ‘అక్కలూ, చూడండి’ అన్నప్పుడు తాను నిజముగా ఆమెకు అక్కనే యనుకొను గృహిణిని వారు 1956లోనే చూచిరి. అయితే పెద్ద పేరు గలవారే పెద్ద కెరటమును లేపుదురా యన్నచో, డంకన్ వాట్స్ మొదలగువారు సందేహించిరి. 2009లో ట్విట్టర్‌లో 16 లక్షల మంది పంపిన లింకుల వ్యాప్తిని, అనగా 7 కోట్ల 40 లక్షల ఘటనలను పరిశీలించి, ఏ లింకు వ్యాపించునో ముందుగా చెప్పుట దుష్కరమనియు, ఖర్చును లెక్కించినచో పలు సందర్భములలో సామాన్య పలుకుబడి గల అనేకులను కూర్చుకొనుటయే మేలనియు వారు తేల్చిరి.

మన దేశమున దీనికి పెద్ద నిదర్శనము 2015లో బెంగుళూరులో పుట్టిన మీషో. గృహిణులు చీరల బొమ్మలను వాట్సాప్‌లో బంధుమిత్రులకు పంపి, తమ లాభమును ధరకు కలుపుకొని అమ్మిన ఆ పద్ధతిలో తార లెవరును లేరు. మూట మోసిన ఆమె ఫోను పట్టినది, అంతే.

ఆ పరిచయస్తుల మాటకు బలము నమ్మకము, ఆ నమ్మకమునకు ఆధారము చూపదగిన గుర్తులు. బంగారమునకు 2023 ఏప్రిల్ 1 నుండి ఆరక్షరముల హెచ్‌యూఐడీ హాల్‌మార్క్ తప్పనిసరి. చీరకు 2006 నాటి హ్యాండ్‌లూమ్ మార్క్, పట్టునకు సిల్క్ మార్క్ కలవు. ఇవి గాక మగ్గమే ఇచ్చు సాక్ష్యము గూడ కలదు: నేయునప్పుడు బట్ట ముడుచుకొనకుండ వెడల్పున నిగిడించి పట్టు బద్ద యొక్క ములుకులు అంచు పొడవునను సామాన్యముగా సన్నని రంధ్రముల వరుసను విడుచును. మోడలు చీర కట్టి తిరుగు దృశ్యము కంటె, ఆ అంచును కెమెరాకు దగ్గరగా పట్టి, చీర వెనుక వైపు త్రిప్పి చూపిన అర నిమిషము విలువైనది. మరమగ్గపు బట్టను చేనేతయని చెప్పు వీడియోలు విస్తారమైన ఈ దినములలో అది మరింత నిజము.

చట్టమును గూర్చి రెండు మాటలు. డబ్బో, ఉచితపు చీరయో పుచ్చుకొని పొగడినప్పుడు ఆ సంగతి స్పష్టముగా చెప్పవలెనని ప్రకటనల ప్రమాణ మండలి 2021లోను, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోను నిర్దేశించినవి. తప్పుదోవ పట్టించు ప్రకటనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి మొదట 10 లక్షల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా పడవచ్చును. పొగడినవారు మొదట ఏడాది వరకు, మరల చేసినచో మూడేండ్ల వరకు ప్రకటనలకు దూరము కావలసి రావచ్చును.

జమ్మలమడుగు వైపు సహకార సంఘమో, నలుగురు నేతవారో కలిసి ఈ మార్గము త్రొక్కదలచినచో, శాస్త్రజ్ఞుల పరీక్షను తామును చేయవచ్చును, ఖర్చు లేదు. పది డిజైన్లు వ్రాసి చీట్లు తీసి, అయిదింటిని మాత్రము ఈ నెల లింకు పెట్టు భాగస్వాములకిచ్చి, తక్కిన అయిదింటిని ఊరకుంచి, మరునెల తారుమారు చేసి, రెండు వరుసల అమ్మకములను పోల్చవలెను. చూపిన చీరలు చూపని చీరల బేరమును లాగికొనవచ్చును గనుక, మొత్తము అమ్మకము పెరిగినదో లేదో కూడ వ్రాయవలెను. కొనుగోలుదారుని ‘మా పేరు ఇంతకు ముందు విన్నారా?’ యని యొక ప్రశ్న అడిగి పుస్తకమున గుర్తుపెట్టుట మరువరాదు. కమీషన్‌కు తగినవారెవరో ఆ జవాబులే చెప్పును. పెద్ద తారలకు ముందుగా మొత్తపు సొమ్ము ఇచ్చి వేచియుండుట చిన్న నేతవారికి తగదు. తమ తమ ఊళ్ళలో మాట చెల్లు పదిమందిని అమ్మకమైన తరువాతనే చెల్లించు షరతు మీద కూర్చుకొనుట మేలు.

పాఠకులకు ఒక్క విన్నపము. పరిచయము చేసిన అమ్మాయి లింకు ద్వారానే కొనుడు. కూపన్ల సైటును తడవి ఆమె కూలిని ఇతరులకు పోనీయకుడు. నేతవారిని మీరు ముందే యెరిగినచో మాత్రము ఏ లింకును తాకక, ఫోను చేసి నేరుగా అడుగుడు. ఆ మూడువందలు మగ్గము దగ్గరనే నిలుచును.