జీడి షెడ్డులో ఎర్ర సిలిండరు

కోటబొమ్మాళి నుంచి టెక్కలి మీదుగా పలాస వెళ్తుంటే కాశీబుగ్గ పొలిమేరల్లోనే జీడి వాసన ముక్కుకు తగులుతుంది. అక్కడి ఫ్యాక్టరీల్లో బాయిలర్ పక్కన పిక్కల తొక్క గుట్టగా పోసి ఉంటుంది. పిక్కలు ఉడకడానికి ఆ తొక్కే వంటచెరకు. ఒక తొక్కను పటకారుతో నొక్కితే ముదురు గోధుమరంగు నూనె జిగటగా ఊరుతుంది. ఒంటికి అంటితే బొబ్బలెక్కుతుంది. కటింగ్ చేసే ఆడవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది. తొక్క బరువులో సుమారు నాలుగో వంతు ఈ జీడి నూనే. చూపుకి ఎండుపుల్ల, లోపల నూనె.

బాయిలర్ నోట్లోంచి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు. డ్రయ్యర్ అతిగా వేడెక్కినా, దుమ్ము పట్టిన మోటారులో వైరు కాలినా అంతే. చూసినవాళ్లు ముందు బకెట్టు కోసం పరుగెడతారు. ఎండు గోనెలు అంటుకుంటే నీళ్లు మంచి మందే. మండుతున్న నూనె మీద పోస్తే మాత్రం అవి అడుగుకు దిగి, క్షణంలో ఆవిరై, నిప్పును పైకి చిమ్ముతాయి. లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 1,700 లీటర్లవుతుంది. కరెంటు ఉన్నచోట నీళ్లు పోస్తే షాకు కూడా.

అందుకే గోడకు వేలాడే ఆ ఎర్ర సిలిండరు. దాని కథ 300 ఏళ్ల నాటిది. 1723లో లండన్‌లో ఆంబ్రోస్ గాడ్‌ఫ్రే అనే రసాయనవేత్త నీళ్ల పీపాలో తుపాకిమందు పెట్టి మంటలోకి విసిరే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పీపా పేలి నీళ్లు చల్లేది. తర్వాతివాడు కెప్టెన్ జార్జ్ మాన్బీ. ఒడ్డు దగ్గర మునిగే ఓడలకు ఫిరంగితో తాడు విసిరి మనుషుల్ని కాపాడే సాధనం చేసింది ఈయనే. కాబట్టి ఇక్కడి ఉద్దానం తీరంవాళ్లకు ఆయన మీద అభిమానం కలగాలి. నిప్పు చిన్నగా ఉన్నప్పుడే ఒక్క మనిషి మోసుకెళ్లి ఆర్పగలగాలన్నది ఆయన పట్టుదల. రాగి పాత్రలో పొటాషియం కార్బొనేటు ద్రావణం నింపి, పైన గాలి కుక్కాడు. నేటి సిలిండరుకు అదే తాత.

ఆ తర్వాత సోడా-ఆసిడ్ రకం వచ్చింది: వంటసోడా కలిపిన నీళ్లలో ఆమ్లం కలిస్తే పుట్టే వాయువే నీటిని బయటికి తోస్తుంది. కానీ నూనె మంటకు మందు దొరికింది బాకు నగరంలో. చమురు బావుల మంటలు కళ్లారా చూసిన బడిపంతులు అలెగ్జాండర్ లోరాన్ 1904 నాటికి నురగను తయారు చేశాడు. నురగ నూనె మీద తేలి దుప్పటిలా కప్పి, గాలి అందకుండా చేస్తుంది. నా లెక్కన ఈ కథలో అసలు మలుపు అదే: ఎంత పోశాం అన్నది కాదు, మండేది ఏమిటి అన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఏబీసీ పొడి. అందులో ముఖ్యమైనది మోనో అమ్మోనియం ఫాస్ఫేటు. మంటలో జరిగే రసాయన చర్యల గొలుసును తెంపుతుంది. వేడికి కరిగి, కాలే సరుకు మీద పూతలా అంటుకుంటుంది. నూనెకూ గోనెకూ వైర్లకూ పనికొస్తుంది. అయితే ఆరు కిలోల సిలిండరు అర నిమిషం కూడా రాదు. పిన్ను లాగి, మంట మొదలుకు గురిపెట్టి, హ్యాండిల్ నొక్కి, అటూ ఇటూ ఊపాలి. వెనక బయటికి దారి ఉంచుకోవాలి. తొక్క గుట్ట లోపల నిప్పు మిగిలితే మళ్లీ రాజుకుంటుంది. మంట చెయ్యి దాటితే సిలిండరు వదిలేసి బయటికొచ్చి 101కి ఫోను చెయ్యాలి.

గోనెసంచుల వెనక దాగిన సిలిండరు అక్కరకు రాదు. రేపు డ్యూటీకి వెళ్లగానే దాని ముందున్న బస్తాలు తీయించండి, డయల్ చూడండి. ముల్లు ఆకుపచ్చలో లేకపోతే ఆ రోజే రీఫిల్‌కు పంపించండి. కటింగ్ బల్ల దగ్గర కూర్చునే అక్కచెల్లెళ్లకు కూడా ఒక్కసారి ఆ పిన్ను ఎలా లాగాలో చూపించండి.