పక్క తడిస్తే పరువు పోదు – పరుపును కాపాడుకుందాం



హాస్టల్లో మూడో తరగతిలో చేరే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఎనిమిదేళ్ళుంటాయి. అప్పటిదాకా అమ్మ పక్కలో పడుకున్నవాళ్ళు ఒక్కసారిగా కొత్త చోట, కొత్తవాళ్ళ మధ్య పడుకోవాలి. రాత్రిపూట చీకటి. బాత్‌రూములు దూరం. తెల్లారేసరికి ఎవరో ఒకరి పక్క తడిసి ఉంటుంది.

అప్పుడు ఏం జరుగుతుంది? కొందరు ముక్కు మూసుకుంటారు. కొందరు పేరు పెట్టి పిలుస్తారు. పాపం ఆ పిల్లవాడు తడి దుప్పటిని మడిచి పెట్టెలో దాచేస్తాడు. పరుపు కంపు కొడుతుంది. సిగ్గుతో, పండక్కి ఇంటికెళ్ళినవాడు మళ్ళీ బడికి రాకపోవచ్చు. తడిసిన దుప్పటి ఎండలో ఆరిపోతుంది గానీ, ఆగిన చదువు మళ్ళీ మొదలవడం కష్టం. అందుకే ఈ సంగతి అందరం తెలుసుకోవాలి.

ఎందుకు తడుస్తుంది?

మూత్రపిండాల్లో తయారైన మూత్రం మూత్రాశయంలో చేరుతుంది. అది నిండగానే నరాల ద్వారా మెదడుకు కబురు వెళుతుంది. మెదడు మనల్ని నిద్ర లేపుతుంది. కొందరు పిల్లల్లో ఈ కబురు అందినా మెలకువ రాదు. అంత గాఢంగా నిద్రపోతారు. అదీగాక పీయూష గ్రంథి నుండి వాసోప్రెసిన్ అనే హార్మోను రాత్రిపూట ఎక్కువగా విడుదలై మూత్రాన్ని తగ్గిస్తుంది. కొందరిలో ఈ ఏర్పాటు ఆలస్యంగా కుదురుతుంది. ఎనిమిదేళ్ళ పిల్లల మూత్రాశయంలో పట్టేది సుమారు 270 మిల్లీలీటర్లే. రాత్రి అంతకు మించి తయారైతే ఏమవుతుంది? పక్క తడుస్తుంది!

ఐదేళ్ళ పిల్లల్లో 100 మందికి సుమారు 15 మంది, పదేళ్ళ వాళ్ళలో సుమారు ఐదుగురు ఇలా పక్క తడుపుతారు. చిన్నప్పుడు అమ్మకో నాన్నకో ఈ అలవాటు ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ. చాలామందికి వయసు పెరిగేకొద్దీ దానంతట అదే పోతుంది. కాబట్టి ఇది బద్ధకం కాదు, పొగరు కాదు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని కొందరు బెత్తం తీస్తారు. ఆ సామెత ఇక్కడ పనిచెయ్యదు. నిద్రలో జరిగేదానికి మెలకువలో కొడితే ఏం లాభం?

పరుపును కాపాడే పద్ధతి

దూది పరుపు పైన తడి కనిపించినంత మాత్రాన తడి పైనే ఉందనుకోవద్దు. దూది తడిని లోపలికంటా పీల్చుకుంటుంది. పైన ఆరినా లోపల ఆరదు, బూజు పడుతుంది. అందుకే తడి పరుపు దాకా వెళ్ళకుండా చూడాలి.

1. పరుపు మీద రబ్బరు షీటు పరవాలి. మెడికల్ షాపులో దొరుకుతుంది. నడుము కింద నుండి మోకాళ్ళ దాకా వచ్చి, రెండు పక్కలా పరుపు కిందికి దోపేంత వెడల్పు ఉండాలి.

2. దాని మీద పాత నూలుచీర నాలుగు మడతలు వేసి పరవాలి. ఇది తడిని పీల్చుకుంటుంది. రబ్బరు ఒంటికి తగిలితే చెమట పట్టి ఒరుసుకుపోతుంది కాబట్టి ఈ మడత తప్పనిసరి.

3. ఆ పైన దుప్పటి.

4. రెండో షీటు కూడా ఉంటే ఇంకా మంచిది. దుప్పటి మీద మళ్ళీ ఒక షీటు, ఒక బట్ట వేసుకోవాలి. అర్ధరాత్రి తడిస్తే పై రెండూ లాగేసి పడుకోవచ్చు. ఎవర్నీ లేపక్కరలేదు.

ఒక హెచ్చరిక: పల్చటి పాలిథిన్ కవర్లు వాడకూడదు. చిన్నపిల్లల మూతికి, ముక్కుకి అంటుకుంటే ఊపిరాడదు. ఎరువుల బస్తాలు అసలే వద్దు. వాటికి మందు అంటి ఉంటుంది.

తడిసిన తర్వాత

అప్పుడే పోసిన మూత్రానికి పెద్దగా వాసన ఉండదు. నిలవుంటే బాక్టీరియా అందులోని యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. ఘాటు వాసన దానిదే. కాబట్టి దాచకుండా పొద్దున్నే ఉతికెయ్యాలి. ముందు చన్నీళ్ళలో జాడించి, తర్వాత సబ్బు పెట్టి, ఎండలో ఆరెయ్యాలి. రబ్బరు షీటు కడిగి తుడిస్తే చాలు.

పరుపే తడిస్తే నీళ్ళు గుమ్మరించొద్దు. పొడిబట్టతో గట్టిగా అదిమి తడి లాగాలి. వంటసోడా చల్లి కొన్ని గంటలు ఉంచి దులిపేస్తే వాసన తగ్గుతుంది. తర్వాత రెండు వైపులా తిప్పి ఎండబెట్టాలి.

బ్లీచింగ్ పౌడరు మాత్రం చల్లకండి! అది అమ్మోనియాతో కలిస్తే విషవాయువు వస్తుంది. కళ్ళు మండుతాయి, ఊపిరి పట్టేస్తుంది.

తగ్గడానికి ఏం చెయ్యాలి?

పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు బాగా తాగాలి. పడుకునే ముందు రెండు గంటలు తగ్గించాలి. సాయంత్రం టీ వద్దు. పడుకోబోయే ముందు తప్పకుండా బాత్‌రూముకి వెళ్ళాలి. చీకటంటే భయపడే చిన్నవాళ్ళకు ఒక అన్నో అక్కో తోడు వెళ్ళాలి. మలబద్ధకం ఉన్నా మూత్రాశయం మీద ఒత్తిడి పడుతుంది కాబట్టి ఆకుకూరలు, పండ్లు తినాలి.

ఆరు నెలలపాటు బాగానే ఉండి మళ్ళీ మొదలైనా, మంట, జ్వరం, విపరీతమైన దాహం ఉన్నా, పగలు కూడా తడుస్తున్నా ఏ.ఎన్.ఎం. అక్కకి చెప్పి డాక్టరుకి చూపించాలి.

ఇంటి దగ్గర చంటిపిల్లలుంటే

సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు అమ్మకు ఈ మాట చెప్పండి. ఏడాదిన్నర నుండి మూడేళ్ళ లోపు చాలామంది పిల్లలు పగటిపూట చెప్పడం నేర్చుకుంటారు. రాత్రి అలవాటు ఆ తర్వాతే వస్తుంది. అందాకా ఇవే షీటు, ఇవే మడతలు బొంతను కాపాడతాయి. తిట్టడం, వాతలు పెట్టడం, తిండి మాన్పించడం పనికిరాదు. భయపడిన పిల్లలకు ఇంకా ఎక్కువవుతుంది.

చివరిగా ఒక మాట. ఆదివారం డార్మిటరీలో అందరి పక్కలూ ఒకేసారి ఎండలో వేద్దాం. అందరివీ ఆరుతుంటే ఎవరిది తడిసిందో ఎవరికీ తెలియదు. పరుపూ బాగుంటుంది, పక్కవాడి పరువూ నిలుస్తుంది!