డిగ్రీ చదువులలో సమాచార, సాంకేతిక నైపుణ్యాలు: విడి పేపరు నుంచి ప్రతి పాఠ్యాంశంలోకి

(ప్రత్యేక వ్యాసం)

డిగ్రీ కళాశాలలో చేరదలచిన విద్యార్థికి కంప్యూటర్‌తో అవసరం తరగతి గదికి ముందే, ప్రవేశ దరఖాస్తు దశలోనే ఏర్పడుతున్నది. తెలంగాణలో 2016 నుంచి ‘దోస్త్’ ద్వారా డిగ్రీ ప్రవేశాలు జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో డిగ్రీ కళాశాలలకు ఆన్‌లైన్ ప్రవేశాల విధానం మొదలైంది. ఉపకార వేతనం, పరీక్ష రుసుము, హాల్‌టికెట్టు, ఫలితాలు, ఆ పైన ఉద్యోగ దరఖాస్తులు సైతం ఇదే మార్గంలో సాగుతున్నాయి. ఈ పనులను స్వయంగా చేసుకోగల విద్యార్థులు కొందరు. ఇంటర్నెట్ కేంద్రంలో రుసుము చెల్లించి మరొకరిచేత చేయించుకునేవారు మరికొందరు. మూడేళ్ల చదువు పూర్తయ్యేనాటికి ఈ రెండు వర్గాల మధ్య దూరం తొలగిపోవాలి. అలా జరగకపోతే పట్టా ఒకటే అయినా దాని విలువ ఇద్దరికీ ఒకటి కాదు. సమాచార, సాంకేతిక నైపుణ్యాలను డిగ్రీ పాఠ్యప్రణాళికలో అంతర్భాగం చేయవలసిన ఆవశ్యకత ఇక్కడే ఉన్నది.

నేపథ్యం

2017 జూలై నుంచి 2018 జూన్ వరకు నిర్వహించిన 75వ విడత జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు పట్టణాలలో 23.4 శాతం కాగా, గ్రామాలలో 4.4 శాతం మాత్రమే. ఐదేళ్లు పైబడినవారిలో కంప్యూటర్‌ను ఉపయోగించగలిగినవారు పట్టణాలలో 32.4 శాతం, గ్రామాలలో 9.9 శాతం. ఆ తరువాతి కాలంలో స్మార్ట్ ఫోన్లు విస్తృతంగా వ్యాపించాయి. అయితే ఫోన్‌లో వీడియోలు చూడటం వేరు, పది పుటల నివేదికను పట్టికలతో, ఆధారాలతో సిద్ధం చేయడం వేరు. ఇంట్లో కంప్యూటర్ లేని విద్యార్థికి కళాశాల ప్రయోగశాలే మొదటి అవకాశం, చాలా సందర్భాలలో అదే ఏకైక అవకాశం.

ఈ లోటును పూరించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలోనే జవహర్ నాలెడ్జ్ సెంటర్లు ఏర్పాటయ్యాయి. ఇంజనీరింగ్ కళాశాలలతో మొదలైన ఈ కేంద్రాలు క్రమంగా డిగ్రీ కళాశాలలకూ విస్తరించాయి. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ, తెలంగాణలో ‘టాస్క్’ ఈ బాధ్యతను చేపట్టాయి. ఇటువంటి శిక్షణలు ఎందరికో ఉద్యోగ ద్వారాలు తెరిచాయి. కాని అవి ప్రధానంగా పాఠ్యప్రణాళికకు వెలుపల సాగే కార్యక్రమాలు. తరగతులు ముగిశాక అదనపు సమయం వెచ్చించగలిగినవారికే వాటి ప్రయోజనం సులభంగా అందుతుంది. సాయంత్రం ఒకే బస్సు ఉన్న గ్రామం నుంచి వచ్చే విద్యార్థినికి ఆ వెసులుబాటు ఉండదు. విద్యార్థులందరికీ అందాలంటే శిక్షణ కాలపట్టికలోనే ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2015-16లో ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానంతో సమాచార, ప్రసార సాంకేతికత డిగ్రీలో ఫౌండేషన్ కోర్సుగా ప్రవేశించింది. 2020-21లో సవరించిన ప్రణాళికలో జీవన నైపుణ్య, నైపుణ్యాభివృద్ధి కోర్సులు, వాటితోపాటు ఇంటర్న్‌షిప్పులు చేరాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన పాఠ్యప్రణాళిక, క్రెడిట్ల చట్రం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లను నిర్ణయించింది. వీటిలో నైపుణ్యాభివృద్ధి కోర్సులకు 9 క్రెడిట్లు, విలువ ఆధారిత ఉమ్మడి కోర్సులకు 6 నుంచి 8 క్రెడిట్లు కేటాయించింది. ఈ ఉమ్మడి కోర్సులలో డిజిటల్, సాంకేతిక పరిష్కారాలకు సంబంధించినవీ ఉన్నాయి.

ఒక పేపరుతో సరిపోతుందా?

ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌కు 15 గంటల బోధన, లేదా 30 గంటల ప్రయోగశాల పని. రెండు క్రెడిట్ల కంప్యూటర్ పేపరును ఉపన్యాసాలుగా బోధిస్తే విద్యార్థికి లభించేది 30 గంటలు. మొత్తం 120 క్రెడిట్లలో అది అరవయ్యో వంతు. మొదటి ఏడాదిలో ఈ పేపరు రాసి, తరువాతి రెండేళ్లలో మరే పాఠ్యాంశంలోనూ కంప్యూటర్‌ను తాకవలసిన అవసరం లేకపోతే నేర్చినది నిలవదు. పైగా వ్రాత పరీక్షలో స్ప్రెడ్‌షీట్ నిర్వచనాన్ని, దాని ఉపయోగాలను కంఠస్థం చేసి మార్కులు పొందవచ్చు. స్ప్రెడ్‌షీట్‌ను ఒక్కసారైనా తెరిచారా లేదా అన్నది ఆ పరీక్షలో తేలదు.

మరొక లోపమూ ఉన్నది. సమాచార నైపుణ్యం, సాంకేతిక నైపుణ్యం ఒకటి కావు. పరికరాన్ని, సాఫ్ట్‌వేర్‌ను ఉపయోగించడం సాంకేతిక నైపుణ్యం. తనకు ఏ సమాచారం కావాలో గుర్తించడం, దానిని వెదకడం, దొరికినదాని నిజానిజాలు తేల్చుకోవడం, సక్రమంగా వినియోగించడం, మూలాన్ని పేర్కొనడం సమాచార నైపుణ్యం. 2005 నవంబరులో అలెగ్జాండ్రియాలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఈ రెండవదానిని డిజిటల్ ప్రపంచంలో ప్రాథమిక మానవ హక్కుగా ప్రకటించింది. కంప్యూటర్ పేపర్లలో మొదటిదానికే ఎక్కువ చోటు దక్కుతున్నది. సాఫ్ట్‌వేర్లు కొన్నేళ్లకే మారిపోతాయి. సమాచారాన్ని పరీక్షించే అలవాటు మాత్రం చిరకాలం ఉపయోగపడుతుంది. ఈ అలవాటును విడి పేపరులో నేర్పడం కష్టం. ఏది నమ్మదగిన ఆధారమో చరిత్రలో ఒక రకంగా, రసాయన శాస్త్రంలో మరొక రకంగా నిర్ణయమవుతుంది. అందువలన ఆయా పాఠ్యాంశాలలోనే దానిని అభ్యసింపజేయాలి.

పాఠ్యాంశాల వారీగా అమలు

ఆర్థిక శాస్త్రం: వ్యవసాయ మార్కెట్ల రోజువారీ ధరలు, రాబడులు కేంద్ర ప్రభుత్వ ‘ఆగ్‌మార్క్‌నెట్’ పోర్టల్‌లో లభిస్తాయి. గుంటూరు యార్డులో ఒక ఏడాది మిర్చి ధరలను సేకరించి సగటును కనుగొనే పనిని విద్యార్థులకు ఇవ్వవచ్చు. యార్డుకు సెలవు ఉన్న రోజులకు ధర ఉండదు. ఆ గడిని ఖాళీగా విడిచిపెడితే స్ప్రెడ్‌షీట్ దానిని లెక్కలోకి తీసుకోదు. సున్నా నమోదు చేస్తే సగటు పడిపోతుంది. తేజ, బాడిగ రకాల ధరలను కలిపివేసినా ఫలితం తప్పుతుంది. కనిష్ఠ, గరిష్ఠ ధరలు ఉండగా మోడల్ ధర ఎందుకు ఇస్తారన్న ప్రశ్న కూడా ఇక్కడే ఎదురవుతుంది. గణాంక శాస్త్రం, సాఫ్ట్‌వేర్, రైతు జీవనం ఒకే అభ్యాసంలో కలుస్తాయి.

వాణిజ్య శాస్త్రం: వస్తు, సేవల పన్ను 2017 జూలై 1న అమలులోకి వచ్చిన తరువాత చిన్న వ్యాపారి లెక్కలు సైతం ఆన్‌లైన్‌కు మారాయి. కొనుగోళ్ల పుస్తకంలోని బిల్లులను, సరఫరాదారులు పోర్టల్‌లో నమోదు చేసిన బిల్లులతో సరిపోల్చడం పన్ను జమ పొందడానికి తప్పనిసరి. నమూనా బిల్లులతో ఈ సరిపోలికను విద్యార్థులచేత చేయిస్తే అకౌంటెన్సీ పాఠం, కంప్యూటర్ పాఠం రెండూ ఒకేసారి పూర్తవుతాయి.

రసాయన శాస్త్రం: నల్గొండ, ప్రకాశం జిల్లాలలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య దశాబ్దాలుగా ఉన్నది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో ఫ్లోరైడ్‌కు లీటరుకు 1 మిల్లీగ్రామును ఆమోదయోగ్య పరిమితిగా, ప్రత్యామ్నాయ నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా నిర్దేశించింది. విద్యార్థులు నమూనాలను పరీక్షించి, ఫలితాలతో గ్రాఫు గీసి, హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం నిర్వహించే ‘భువన్’ పటాలపై బోర్ల స్థానాలను గుర్తించవచ్చు. ఇస్రో 2009లో ప్రారంభించిన ఈ పటాల సేవ భూగోళ శాస్త్ర విద్యార్థులకూ ఉపకరిస్తుంది.

చరిత్ర: రాజమండ్రి గురించి వెదికే విద్యార్థికి రాజమహేంద్రవరం, రాజమహేంద్రి అన్న రూపాలు, బ్రిటిష్ కాలపు ఆంగ్ల పత్రాలలోని వర్ణక్రమం తెలియాలి. ఒకే రూపంతో వెదికితే సగం ఆధారాలు కంటపడవు. ఒక సంఘటనను రెండు పత్రాలు రెండు విధాలుగా చెప్పినప్పుడు ఏది ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో పరిశీలించడం ఇందులో తరువాతి మెట్టు.

తెలుగు: 1991 నుంచే యూనికోడ్‌లో తెలుగు లిపికి స్థానం ఉన్నది. అయినా అచ్చు కోసం పాత పద్ధతి ఫాంట్లలో కూర్చిన తెలుగు పాఠం ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థం కాని గుర్తులుగా మారుతుంది, వెదుకులాటకూ దొరకదు. యూనికోడ్‌లో టైపు చేయడం, పాత ఫాంట్ల పాఠాన్ని మార్చడం, పరిష్కరించడం తెలిసిన తెలుగు పట్టభద్రులకు ప్రచురణ, పత్రికా, అనువాద రంగాలలో పని ఉన్నది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఆధారాలు చూపుతూ ఒక వ్యాసాన్ని మెరుగుపరచడం కూడా మంచి తరగతి అభ్యాసం కాగలదు.

సామాజిక సేవా ప్రాజెక్టు: ఆంధ్రప్రదేశ్ 2020-21 ప్రణాళిక మొదటి ఏడాది తరువాత 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును నిర్దేశించింది. ప్రశ్నావళి తయారీ, ఇంటింటి సర్వే, వివరాల నమోదు, విశ్లేషణ, నివేదిక అనే అయిదు దశలకూ ఈ నైపుణ్యాలు కావాలి. సర్వేలో సేకరించిన కుటుంబాల పేర్లు, ఫోన్ నంబర్లు గోప్యంగా ఉంచాలన్న క్రమశిక్షణ కూడా ఇందులో భాగమే.

మూల్యాంకనంలో మార్పు

ఏది పరీక్షిస్తారో దానినే విద్యార్థులు చదువుతారు. కనుక మార్పు పరీక్షలో కనిపించాలి. నిర్వచనాలకు బదులుగా ఒక దత్తాంశాన్ని ఇచ్చి, నిర్ణీత సమయంలో పట్టిక, గ్రాఫు, రెండు పేరాల వివరణ సిద్ధం చేయమనవచ్చు. ప్రాజెక్టు నివేదికతోపాటు ఏయే పదాలతో వెదికారో, ఏ ఆధారాలను ఎందుకు విడిచిపెట్టారో తెలిపే పుటను జతచేయించి, దానికీ మార్కులు ఇవ్వవచ్చు. గ్రంథచౌర్యం నివారణకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో నిబంధనలు జారీ చేసింది. అవి శిక్షల పట్టికగానే మిగలకుండా ఉండాలంటే, ఇతరుల వాక్యాన్ని ఎలా ఉదహరించాలో మొదటి సెమిస్టర్‌లోనే నేర్పాలి.

2022 చివర చాట్‌జీపీటీ రాకతో ఈ అవసరం మరింత పెరిగింది. కృత్రిమ మేధ సాధనాలు ధారాళమైన వ్యాసాన్ని క్షణాలలో ఇస్తాయి, లేని పుస్తకాలను ఉన్నట్లు కూడా చూపుతాయి. అది ఇచ్చిన జవాబులోని ప్రతి అంశాన్ని మూలంతో సరిచూసి తప్పులు గుర్తించే అభ్యాసం, నిషేధం కంటే ఎక్కువ మేలు చేస్తుంది. నివేదికపై అధ్యాపకుడు అడిగే నాలుగు మౌఖిక ప్రశ్నలు విద్యార్థి సొంత కృషిని నిర్ధారిస్తాయి.

గ్రంథాలయం, ప్రయోగశాల, భాష

1914లోనే బెజవాడ వేదికగా సంఘటితమైన గ్రంథాలయోద్యమ వారసత్వం తెలుగువారిది. ఆ వారసత్వంలో నేటి అధ్యాయం గ్రంథాలయాధికారిని బోధనలో భాగస్వామిని చేయడం. 2024 నవంబరులో ఆమోదం పొందిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం 2025 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. దాదాపు 13,000 అంతర్జాతీయ పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి తేవడం దీని లక్ష్యం. సరైన పదాలతో వెదకడం, సారాంశాన్ని చదివి పనికివచ్చేదానిని ఎంచుకోవడం తెలియకపోతే ఈ సంపద మారుమూల కళాశాల విద్యార్థికి చేరదు.

వ్యయం పెద్ద అవరోధం కానక్కరలేదు. లిబ్రేఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ సాధారణ కంప్యూటర్లలోనూ పనిచేస్తుంది. ఐఐటీ బొంబాయి ‘స్పోకెన్ ట్యుటోరియల్’ పాఠాలు తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ఉన్నాయి. ‘స్వయం’ కోర్సుల ద్వారా సెమిస్టర్‌కు 40 శాతం వరకు క్రెడిట్లు పొందేందుకు 2021 నిబంధనలు అవకాశం కల్పించాయి. ముఖ్యంగా కావలసినది ప్రయోగశాల సమయం. కంప్యూటర్ విభాగానికే పరిమితమైన గదిని వారంలో నిర్ణీత గంటలు చరిత్ర, తెలుగు, వాణిజ్య తరగతులకు కేటాయిస్తే ఉన్న యంత్రాలే మరింతమందికి ఉపయోగపడతాయి.

ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి తెరపై ఆంగ్లం, పాఠంలో ఆంగ్లం, కొత్త పరికరం ఒకేసారి ఎదురవుతాయి. మొదటి సెమిస్టర్‌లో వివరణ తెలుగులో, సాంకేతిక పదాలు వాడుకలో ఉన్న రూపంలో ఇస్తే భయం తగ్గుతుంది. కంప్యూటర్ రాకపోవడం తెలివి తక్కువతనం కాదని, ఇంతవరకు అవకాశం లభించకపోవడమేనని అధ్యాపకులు గుర్తించడం అవసరం.

అధ్యాపకుల పాత్ర

ప్రతి అధ్యాపకుడూ కంప్యూటర్ నిపుణుడు కానక్కరలేదు. తన పాఠ్యాంశంలో సెమిస్టర్‌కు ఒక్క అభ్యాసాన్ని ఈ పద్ధతిలో రూపొందిస్తే చాలు. ఆరు సెమిస్టర్లలో నాలుగేసి పాఠ్యాంశాల చొప్పున లెక్కించినా పట్టా పొందేలోగా విద్యార్థి 24 అభ్యాసాలు పూర్తిచేస్తాడు. ఒక విడి పేపరు ఇవ్వలేని సాధన ఇది. పాఠ్యాంశ అధ్యాపకుడు, కంప్యూటర్ అధ్యాపకుడు, గ్రంథాలయాధికారి కలిసి వేసవి సెలవులలో ఈ అభ్యాసాలను సిద్ధం చేసుకుని, ఇతర కళాశాలలతో పంచుకుంటే శ్రమ తగ్గుతుంది.

ఈ కృషి ఫలించిందా లేదా అన్నది ప్రయోగశాలల సంఖ్యతోనో, జారీ అయిన ధ్రువపత్రాలతోనో తేలదు. ప్రవేశ దరఖాస్తును ఇంటర్నెట్ కేంద్రంలో పూర్తిచేయించుకున్న విద్యార్థి, మూడేళ్ల తరువాత తన ఉద్యోగ దరఖాస్తును తానే పూర్తిచేయగలగాలి. తన ఊరి సమస్యపై లెక్కలతో, ఆధారాలతో నివేదిక రాయగలగాలి. ఫోన్‌కు వచ్చిన ఉద్యోగ ప్రకటన అసలైనదో మోసపూరితమైనదో డబ్బు చెల్లించక ముందే నిర్ధారించుకోగలగాలి. ఈ మూడూ సాధ్యమైననాడే డిగ్రీ పట్టా గ్రామీణ విద్యార్థికి, పట్టణ విద్యార్థికి సమాన విలువ గలది కాగలదు.