ఖాళీ అయిన బ్యాటరీ ఖాళీగానే ఉండిపోతే

రామచంద్రపురంలో ఇన్వర్టర్ బ్యాటరీ మూడేళ్లకే పోయిందంటే, నింద ముందు కంపెనీ మీదికి పోతుంది, తర్వాత పోసిన డిస్టిల్డ్ వాటర్ మీదికి. ఎక్కువసార్లు దాని ఉసురు తీసేది అడుగంటా వాడేయడం, అంతకు మించి, అయిపోయాక చార్జింగ్ లేకుండా వదిలేయడం. డెల్టాలో ఈ రెండూ జంటగా వస్తాయి. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుపానులాంటిది వచ్చి స్తంభాలు కూలితే కరెంటు రోజుల తరబడి రాదు. బ్యాటరీ మొదటి రాత్రికే అయిపోయి, మిగతా రోజులన్నీ అలాగే పడి ఉంటుంది.

1859లో గాస్తన్ ప్లాంటే చేసిన తొలి బ్యాటరీకీ నేటి ట్యూబులర్ ఇన్వర్టర్ బ్యాటరీకీ రసాయనం ఒకటే: సీసం ఒకవైపు, సీసం డయాక్సైడ్ మరోవైపు, నడుమ పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లం. వాడేకొద్దీ రెండు ప్లేట్లూ లెడ్ సల్ఫేట్‌గా మారతాయి, ఆమ్లం పలచబడుతుంది. నిండుగా ఉన్నప్పుడు 1.240 దగ్గర ఉండే హైడ్రోమీటర్ రీడింగ్ 1.1 వైపు దిగుతుంది. సల్ఫేటుకి చోటు ఎక్కువ కావాలి కనుక, లోతుగా వాడిన ప్రతిసారీ ప్లేటు ఉబ్బి, దాని ముద్ద కొంచెం వదులై అడుక్కి రాలుతుంది. అది నిదానంగా జరిగే అరుగుదల, ఎలాగూ తప్పదు. అసలు దెబ్బ ఆ తర్వాతది. కొత్తగా ఏర్పడ్డ సల్ఫేటు పలుకులు సన్నవి, చార్జింగ్ పెడితే తిరిగి సీసం, సీసం డయాక్సైడ్‌గా మారతాయి. ఆమ్లం పలచబడ్డాక మాత్రం సల్ఫేటు అందులో మరికాస్త సులువుగా కరుగుతుంది. పగటి వేడికి కరిగి, రాత్రి చల్లబడ్డాక పేరుకుంటూ, పాకంలో పటికబెల్లంలా గట్టి పలుకులు పెరుగుతాయి. వాటిని మామూలు చార్జింగ్ కదిలించలేదు. ప్లేటులో ఆ మేరకు పని చేసే భాగం పోయినట్టే.

10.5 వోల్టుల దగ్గర ఇన్వర్టర్ తనే ఆగిపోతుంది కదా అనవచ్చు. ఆ కటాఫ్ ఉండటం మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. 800 వాట్ల లోడు పెడితే వోల్టేజి త్వరగా పడిపోయి, బ్యాటరీలో ఇంకా సరుకుండగానే కటాఫ్ వస్తుంది. ఒక ఫ్యాను, రెండు బల్బులే వేసుకుంటే వోల్టేజి చివరిదాకా నిలబడుతుంది. అది 10.5కి దిగేసరికి లోపల దాదాపు ఏమీ మిగలదు. పొదుపుగా వాడినవారి బ్యాటరీయే ఎక్కువ లోతుకు పోవడం విచిత్రమే. నెలకోసారి పూర్తిగా ఖాళీ చేయాలన్న సలహా పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలది. సీసానికి దానితో పని లేదు.

లోతుకు పోనివ్వకుండా సగంలోనే ఆపేస్తే ఫ్యాను లేని రాత్రి ఎవరు భరిస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. అవసరానికి వాడుకోవాల్సిందే, కొన్నదే అందుకు. కానీ ట్యాంకు నింపడానికి వీధిలోకి అద్దె జనరేటర్ వచ్చినప్పుడు మోటారుతో పాటు ఇన్వర్టర్‌కీ రెండు గంటలు కరెంటిస్తే, 15 ఆంపియర్ల చొప్పున 150 ఏహెచ్ బ్యాటరీలో ఐదోవంతు దాకా నిండుతుంది, ఆమ్లం కాస్త చిక్కబడుతుంది. లైను వచ్చాక మాత్రం పూర్తిగా నిండనివ్వాలి. చివరి భాగం మెల్లగా ఎక్కుతుంది కనుక, అందుకు సగం రోజు పైనే పడుతుంది.